మా ఇంటి గినీ పిగ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో మూడో అంతస్తులో ఉన్న మా ఇంటికి గినీ పిగ్‌లు వచ్చి ఆరేళ్లయింది. ఇంటికి వచ్చిన చుట్టాలు, బడి దగ్గర కలిసే తల్లులు, మెట్ల మీద ఆపి పలకరించే ఇరుగుపొరుగు అందరూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతారు. జవాబులన్నీ ఒక్కచోట ఉంటాయని రాస్తున్నాను. పెంచుదామా వద్దా అని ఇంకా తేల్చుకోనివాళ్లు ముందుగా ఎండాకాలం గురించీ జబ్బుల గురించీ రాసినవి చదవండి. మిగతావి తర్వాత చదివినా ఫరవాలేదు.

ఇవి పందులా, ఎలుకలా?

పందులు కావు. ఎలుకల్లా కొరికే జంతువుల వర్గంలోనివే గానీ ఎలుకలూ కావు. మన పందికొక్కు పేరులో పంది ఉన్నంత మాత్రాన అది పంది కాదు కదా, ఇదీ అంతే. పేరులో ఉన్న గినీ దేశానికీ వీటికీ సంబంధం లేదు. వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. అక్కడివాళ్లు కొన్ని వేల ఏళ్ల కిందటే వీటిని మచ్చిక చేసుకున్నారు, మాంసం కోసం కూడా పెంచుతారు. అక్కడ వీటిని ‘కుయ్’ అంటారు. మొదటిసారి విన్నప్పుడు నాకు భలే ఆశ్చర్యం వేసింది. ఆకలేస్తే ఇవి పెట్టే కేకను మనం కూడా ‘కుయ్ కుయ్’ అనే అంటాం.

పెద్దయ్యాక 700 గ్రాముల నుంచి 1,200 గ్రాముల దాకా తూగుతాయి. తోక ఉండదు. ముందు కాళ్లకు నాలుగేసి వేళ్లు, వెనక కాళ్లకు మూడేసి.

మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. పుట్టినరోజుకు కొనివ్వవచ్చా?

కొనివ్వండి, కానీ అది మీ గినీ పిగ్ అనుకుని కొనండి. ఏడెనిమిదేళ్ల పిల్లలు నీళ్లు మార్చగలరు, ఆకులు పెట్టగలరు, పక్కన కూర్చుని కబుర్లు చెప్పగలరు. పరీక్షలు వచ్చినా జ్వరం వచ్చినా ఒక్క రోజు కూడా తప్పకుండా చూసుకోవడం మాత్రం వాళ్ల వల్ల కాదు. అది వాళ్ల తప్పు కాదు, ఆ వయసే అంత. ఇవి సాధారణంగా అయిదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. ఈరోజు మూడో తరగతి చదివే పిల్లవాడు పదో తరగతికి వచ్చేదాకా ఇంట్లో ఉంటాయన్నమాట. ఇంట్లో కనీసం ఒక్క పెద్దవాళ్లయినా మనస్ఫూర్తిగా ‘నేను చూసుకుంటాను’ అంటేనే తెచ్చుకోండి.

ఒక్కటి చాలదా?

చాలదు. ఇవి గుంపుగా బతికే ప్రాణులు. మనం ఎంత ముద్దు చేసినా, రాత్రి రెండింటికి పక్కన ఒదిగి పడుకునే తోడు మనం కాలేం. స్విట్జర్లాండులో 2008 నుంచి వీటిని ఒంటరిగా పెంచడాన్ని చట్టమే ఒప్పుకోదు. రెండు ఆడవి గానీ, చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన రెండు మగవి గానీ, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించిన మగదానితో ఒకటో రెండో ఆడవి గానీ బాగా కలిసి ఉంటాయి. కుందేలును తోడుగా పెట్టకండి. అది వెనక కాళ్లతో ఒక్క తన్ను తన్నితే చాలు, వీటి పక్కటెముకలు విరగవచ్చు. పైగా కుందేళ్లలో మామూలుగా ఉండే కొన్ని సూక్ష్మజీవులు వీటికి ఊపిరితిత్తుల జబ్బు తెస్తాయి.

దుకాణంలో ‘రెండూ ఆడవే’ అన్నారు. నమ్మవచ్చా?

మేం నమ్మాం. బెల్లం రంగుదానికి బెల్లం అని, నల్లదానికి మిరియం అని పేర్లు పెట్టుకున్నాం. రెండు నెలలకు బెల్లం గుండ్రంగా తయారైంది. బాగా తింటోందని మురిసిపోయాం. ఒకరోజు తెల్లవారుజామున మా అత్తగారు పిలిచారు. “అమ్మాయ్, ఇలా రా, రెండు కాస్తా అయిదయ్యాయి” అన్నారు. వెళ్లి చూస్తే గడ్డిలో మూడు పిల్లలు. ఒంటినిండా బొచ్చు, తెరిచిన కళ్లు. పుట్టి గంట కాకముందే తల్లి వెంట తడబడుతూ నడుస్తున్నాయి. గినీ పిగ్ పిల్లలు అలాగే పుడతాయి, పళ్లతో సహా. తల్లి కడుపులో దాదాపు 59 నుంచి 72 రోజులు పెరుగుతాయి.

ఆరోజు మాకు తెలియనిది ఒకటుంది. ఈనిన కొద్ది గంటల్లోనే ఆడది మళ్లీ కడుపుతో కావచ్చు. మా అదృష్టం కొద్దీ, మిరియం మగదని తేలిన ఆ పూటే దాన్ని వేరు చేశాం. తర్వాత శస్త్రచికిత్స చేయించి, ఆరు వారాలు ఆగి మళ్లీ కలిపాం. పిల్లల్లో రెండు మగవి. మూడు వారాలు నిండగానే వాటిని తల్లి నుంచి వేరు చేయాలి, ఎందుకంటే అంత చిన్న వయసులోనే జత కట్టగలవు. ఆ అన్నదమ్ములిద్దరూ గుంటూరులో మా చెల్లెలి ఇంట్లో పెరుగుతున్నారు. ఆడపిల్ల రాగి మా దగ్గరే ఉంది.

అందుకే చెబుతున్నాను, కొన్న వారంలోపే పశువైద్యులకు చూపించి ఆడో మగో తేల్చుకోండి. కావాలని పిల్లలు పెట్టించకండి. ఏడెనిమిది నెలలు నిండేలోపు ఒక్కసారైనా ఈనని ఆడదానికి కటి ఎముకలు బిగుసుకుపోయి కాన్పు ప్రాణం మీదికి రావచ్చు.

ఎంత చోటు కావాలి?

దుకాణాల్లో అమ్మే చిన్న పంజరాలు పనికిరావు. రెండింటికి కనీసం ఎనిమిది చదరపు అడుగులు, కుదిరితే పది. ఇవి పైకి ఎక్కవు, దూకవు, కాబట్టి ఎత్తు అక్కర్లేదు. నేల మీద పరుగెత్తే చోటు కావాలి. హాలులో ఒక మూల అడుగున్నర ఎత్తు తడికె కట్టినా చాలు. కింద తీగ జాలీ ఉన్నది మాత్రం వద్దు, పాదాలు పుండ్లు పడతాయి. కింద వార్తాపత్రికలు, వాటి మీద పాత తువాళ్లు, ఆ పైన మెత్తటి ఫ్లీస్ దుప్పటి వేస్తాం. దారాలు ఊడుతున్న గుడ్డ వేయకండి, కాళ్లకు చుట్టుకుంటుంది. వరి ఊక చవకగా దొరుకుతుంది గానీ దాని దుమ్ము కళ్లకూ ముక్కుకూ చేటు. దేవదారు రంపపు పొట్టు ఘాటు ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఒక్కోదానికి దాక్కోవడానికి ఒక్కో గూడు ఉండాలి. రెండు దారులున్న అట్టపెట్టె చాలు. ఒకే దారి ఉంటే ఒకటి అడ్డంగా కూర్చుని రెండోదాన్ని బయటికి రానివ్వదు. తిరిగే చక్రాలు, బంతులు వద్దు, వెన్ను దెబ్బతింటుంది. పూజ గదికి, వంటింటికి దూరంగా పెట్టండి. సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, పోపు ఘాటు, ఏదీ వీటికి పడదు.

మన ఎండలకు తట్టుకుంటాయా?

తట్టుకోలేవు. ఈ మాట దాచకుండా చెప్పాలి. చల్లటి కొండల్లో పుట్టిన ప్రాణులు ఇవి, వీటికి చెమట పట్టదు. 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. 28 దాటితే కనిపెట్టుకుని ఉండాలి. మేలో మన ఊళ్లలో 44, 45 చూస్తున్నాం, అంత వేడిలో వరండాలో వదిలేస్తే ఒక్క మధ్యాహ్నంలో ప్రాణం పోతుంది. కృష్ణా, గోదావరి జిల్లాల ఉక్కపోతకు కూలరు కూడా పెద్దగా పనిచేయదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నాలు వీటిని ఏసీ గదిలోనో ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలోనో ఉంచగలమా అని ముందే ఆలోచించుకోండి. ఉంచలేమనుకుంటే దయచేసి తెచ్చుకోకండి.

మా ఇంట్లో పనికొచ్చినవి చెబుతాను. చేయి వెడల్పు తాండూరు బండ ముక్క రెండు తెచ్చి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, పగలు గూట్లో పరుస్తాం. వాటి మీద పొట్ట ఆనించి గంటలు గంటలు పడుకుంటాయి. సీసాలో నీళ్లు గడ్డకట్టించి, తువాలు చుట్టి పక్కన పెడతాం. కరెంటు పోయే రోజులకు అలాంటి సీసాలు ఎప్పుడూ నాలుగు సిద్ధంగా ఉంటాయి. ఏసీ గాలిగానీ ఫ్యాను గాలిగానీ సూటిగా తగలకూడదు.

పక్కకు వాలి, గబగబా ఊపిరి తీస్తూ, నోటి నుంచి చొంగ కారుస్తుంటే అది వడదెబ్బ. వెంటనే చల్లటి చోటికి మార్చి, మామూలు నీళ్లతో చెవులనూ పాదాలనూ తడపండి. మంచు నీళ్లు పోయకండి. అలా చేస్తూనే వైద్యుల దగ్గరికి బయల్దేరండి.

ఏం పెట్టాలి?

అన్నిటికన్నా ముఖ్యం గడ్డి. తిండిలో 80 శాతం అదే, రాత్రీ పగలూ అందుబాటులో ఉండాలి. వీటికి 20 పళ్లు, అన్నీ బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. పొట్ట కదులుతూ ఉండాలన్నా గడ్డే ఆధారం.

వరిగడ్డి ఈ గడ్డికి బదులు కాదు. అందులో బలం తక్కువ, గరుకు ఎక్కువ. పశువులకు సరిపోయింది కదా అని పెట్టేవాళ్లున్నారు, వీటికి సరిపోదు. ఎండబెట్టిన టిమోతీ గడ్డి తెప్పించుకోవచ్చు, కాస్త ఖరీదే. మనకు చేతికందేది గరిక. వినాయక చవితి పత్రిలో కొనే గరికే. పురుగుమందు కొట్టని చోట, కుక్కలు తిరగని చోట కోసి, కడిగి, పచ్చిగానూ పెట్టవచ్చు, నీడలో నాలుగు రోజులు ఆరబెట్టి దాచుకోనూవచ్చు. వానాకాలంలో బూజు వాసన వస్తే మొహమాటం లేకుండా పారేయండి. లేత జొన్న చొప్ప జోలికి వెళ్లకండి, అందులో విషం ఉంటుంది.

గడ్డి తర్వాత ఆకుకూరలు, కూరగాయలు రోజుకు ఒక్కోదానికి ఒక కప్పు. కొత్తిమీర, పుదీనా, కొంచెం మెంతికూర, కీర దోస, క్యాప్సికం. మొక్కజొన్న పొత్తు ఒలిచాక మిగిలే పచ్చటి రేకులు, పట్టులాంటి పీచు వీటికి పండగే. క్యారెట్ తీపి కాబట్టి వారానికి రెండు చిన్న ముక్కలు. పాలకూర, తోటకూర, గోంగూర, చుక్కకూరల్లో మూత్రాశయంలో రాళ్లు తెచ్చే గుణం ఉంది. మొదటి రెండూ ఎప్పుడైనా రెండు ఆకులు, చివరి రెండూ అసలు వద్దు. బజారు కూరాకును ఉప్పునీళ్లలో కాసేపు ఉంచి కడగడం మరవకండి.

ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, అన్నం, రొట్టె, బిస్కట్లు, పాలు, పెరుగు, కారప్పూస, చాక్లెట్టు ఏవీ పెట్టకూడదు. ఇంటికొచ్చిన పెద్దలు ప్రేమగా చేతిలోది పెట్టబోతారు. నొచ్చుకోకుండా ఒక కొత్తిమీర కాడ చేతికిచ్చి “ఇది పెట్టండి, దీనికి ఇదే ఇష్టం” అనండి.

సి విటమిన్ గురించి అంత పట్టింపు ఎందుకు?

మనుషుల్లాగే ఇవీ సి విటమిన్‌ను ఒంట్లో తయారుచేసుకోలేవు. 1907లో నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడోర్ ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వీటికి ధాన్యం మాత్రమే పెట్టి చూశారు. నావికులను పీడించిన స్కర్వీ జబ్బే వీటికీ వచ్చింది. ఆ జబ్బుకు మూలం తిండిలోని లోటేనని తేల్చడానికి దారి చూపింది ఈ చిన్న ప్రాణులే.

కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. క్యాప్సికంలో నాలుగో వంతు ముక్క సుమారుగా ఆ లోటు తీరుస్తుంది. జామకాయలో ఇంకా ఎక్కువ ఉంటుంది, కానీ తీపి కూడా ఉంటుంది కాబట్టి వారానికి రెండు మూడు సార్లు పలుచటి ముక్క చాలు. ఉసిరి ముక్కను మిరియం ఇష్టంగా తింటాడు, రాగి వాసన చూసి తలతిప్పుకుంటుంది. నీళ్లలో చుక్కల మందు కలపడం వృథా, కొద్ది గంటల్లో దాని బలం పోతుంది, రుచి మారి నీళ్లు తాగడమూ మానేస్తాయి.

తమ పెంటికలు తామే తింటున్నాయి. జబ్బా?

కాదు. మెత్తటి రకం ఒకటి వస్తుంది, అందులో మిగిలిన పోషకాలను రెండోసారి తీసుకుంటాయి. తిననివ్వండి.

ఆ అరుపులకు అర్థం ఏమిటి?

పొడుగ్గా ‘కుయ్య్’ అంటే తిండి కోసం. ఫ్రిజ్ తలుపు చప్పుడు, కవరు గలగల, పొద్దున్నే పాలవాడు వచ్చిన గంట, ఏది వినబడితే ఏది వస్తుందో పది రోజుల్లో నేర్చుకుంటాయి. పళ్లు టకటకలాడిస్తే కోపం, అప్పుడు చేయి పెట్టకండి. ఉన్నట్టుండి గాలిలోకి ఎగిరి, మెలికలు తిరిగి దిగితే భయపడకండి. పేలాలు వేయించేటప్పుడు గింజ ఎగిరినట్టు ఉంటుంది, పట్టలేని సంతోషానికి అది గుర్తు.

ఎలా ఎత్తుకోవాలి?

ఒక చేయి ఛాతీ కింద, ఒక చేయి వెనక కాళ్ల కింద. పిల్లలైతే నేల మీద కూర్చున్నాకే ఒళ్లో పెట్టించుకోవాలి. మంచం ఎత్తు నుంచి జారినా కాలు విరుగుతుంది.

వాసన రాదా? స్నానం చేయించాలా?

రోజూ పొద్దున చెత్త ఊడ్చి, నాలుగు రోజులకోసారి దుప్పటి మారిస్తే గడ్డి వాసన తప్ప ఏదీ రాదు. మూత్రం తెల్లగా గారకడితే వెనిగర్‌తో రుద్దండి. స్నానం అక్కర్లేదు, జలుబు చేస్తుంది. నెలకోసారి గోళ్లు తీయాలి.

జబ్బు చేస్తే ఎలా తెలుస్తుంది?

తెలియనివ్వవు. వేటాడే జంతువులకు ఎరగా బతికిన జాతి కాబట్టి, నీరసాన్ని బయటపెట్టకుండా ఉండటం వీటి స్వభావంలోనే ఉంది. కళ్లకు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే రోజూ ఎలా ఉంటాయో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

రెండేళ్ల కిందట శ్రావణంలో ఒక సాయంత్రం మా అత్తగారు కత్తిపీట ముందు కూర్చుని కొత్తిమీర కాడలు విడిగా తీస్తున్నారు. మొదట్లో ‘ఇంట్లోకి ఎలుకలా’ అన్న మనిషి, ఆ కాడలు వాటి వాటా అని తనే పక్కన పెడతారు. ఉన్నట్టుండి చేయి ఆపి “ఇవాళ మిరియం అరవలేదే” అన్నారు. వెళ్లి చూశాను. కూర్చునే ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి. కాడ ముక్కు దగ్గర పెడితే అందుకున్నాడు, రెండుసార్లు కొరికి వదిలేశాడు. గడ్డం కింద బొచ్చు తడిగా ఉంది. వంటింటి తక్కెడలో పెడితే 890 గ్రాములు. రెండు వారాల కిందట రాసుకున్న అంకె 1,020.

దవడ పళ్లు పెరిగి నాలుకను ఒరుసుకుంటున్నాయని వైద్యురాలు చెప్పారు. మత్తిచ్చి అరగదీశారు. కారణం నేనే. ముసురు పట్టి గడ్డి నిండుకుంటే, వచ్చేదాకా ఆకుకూరలు, గుళికల దాణా ఎక్కువ పెట్టి నెట్టుకొచ్చాను. మధ్యలో ఒక వారం తూచడమూ మానేశాను. తర్వాత పది రోజులు, గుళికలు నానబెట్టి జావలా చేసి, సూది లేని సిరంజితో దవడ పక్క నుంచి మూడు గంటలకోసారి పట్టించాం. రాత్రి పన్నెండు గంటల వంతు మా ఆయనది, మూడింటిది నాది, తెల్లవారుజాముది అత్తగారిది. ఎనిమిదో రోజున ఆయన ఫ్రిజ్ తలుపు తీస్తే చిన్నగా ఒక ‘కుయ్’ వినబడింది. ఇల్లంతా లేచి కూర్చున్నాం.

ప్రతి ఆదివారం తూచండి, పుస్తకంలో రాయండి. 50 గ్రాములు తగ్గితే కనిపెట్టుకుని ఉండండి, పదో వంతు తగ్గితే ఆగకుండా వైద్యులకు చూపించండి. పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు ఆగిపోయినా, మూత్రంలో నెత్తురు కనిపించినా, ఊపిరి చప్పుడవుతున్నా తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి.

ఏ వైద్యుల దగ్గరికి వెళ్లాలి?

కుక్కలను, పిల్లులను చూసే అందరికీ వీటితో అనుభవం ఉండదు, ముందే ఫోను చేసి అడగండి. గన్నవరం, తిరుపతి, హైదరాబాదు రాజేంద్రనగర్‌లలో పశువైద్య కళాశాలలకు అనుబంధంగా చికిత్సాలయాలు ఉన్నాయి. జబ్బు రాకముందే ఒకసారి వెళ్లి పరిచయం చేసుకోవడం మంచిది.

ఒక్క విషయం మాత్రం కంఠతా పెట్టుకోండి. అమాక్సిసిలిన్, పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే వీటి పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం పోతుంది. ఇంట్లో పిల్లలకు మిగిలిన సిరప్ ఒక్క చుక్క కూడా వేయకండి. శస్త్రచికిత్సకు ముందు పస్తు పెట్టకూడదు కూడా, ఇవి వాంతి చేసుకోలేవు.

మనకు వీటి నుంచి ఏమైనా అంటుతుందా?

తామర అంటవచ్చు. ముఖం మీద, చెవుల దగ్గర బొచ్చు రాలి పొలుసులు కనిపిస్తే చూపించండి. గోక్కుని గోక్కుని ఒళ్లు పుండ్లు చేసుకుంటే గజ్జి పురుగులు అయ్యుండవచ్చు, మందుతో తగ్గిపోతుంది. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం అలవాటు చేయండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే కొనేముందు పెంచేవాళ్ల ఇంట్లో ఒక పూట కూర్చుని చూడండి, గడ్డి దుమ్ము చాలామందికి పడదు.

సంక్రాంతికి ఊరెళితే?

బస్సు ప్రయాణం వీటికి పెద్ద బెదురు. ఇంట్లోనే ఉంచి, రోజుకు రెండుసార్లు వచ్చే నమ్మకమైన మనిషిని చూసుకోండి. మాకు కింది అంతస్తు పిన్నిగారు ఉన్నారు. వెళ్లేముందు ఆవిడ చేతే రెండు రోజులు పెట్టిస్తాను, రాసిపెట్టిన కాగితం కన్నా అదే మేలు. దీపావళి రాత్రి కిటికీలు మూసి, గూళ్ల మీద మందపాటి దుప్పటి కప్పి, గాలి ఆడేలా ఒక పక్క వదిలి, ఎవరో ఒకరం అక్కడే కూర్చుంటాం.

ఒకటి చనిపోతే రెండోది ఏమవుతుంది? పిల్లలకు ఏం చెప్పాలి?

బెల్లం పోయిన మాఘంలో నిద్రలోనే పోయింది. రాగి, మిరియం దగ్గరికి వచ్చి వాసన చూసి, కాసేపు పక్కనే ఉండి, తర్వాత గడ్డి దగ్గరికి వెళ్లాయి. అలా చూడనివ్వడం మంచిది, లేకపోతే రోజుల తరబడి వెతుకుతాయి. ఒంటరిగా మిగిలినదానికి కొన్ని వారాల్లో తోడు చూడాలి. పిల్లలకు ‘ఊరెళ్లింది’ అని చెప్పకండి. మా అబ్బాయికి ఉన్నదున్నట్టు చెప్పాం. ఏడ్చాడు. బరువుల పుస్తకం తెచ్చి, బెల్లం పేజీలో ఆదివారం అంకె ఉండాల్సిన చోట తేదీ మాత్రం రాసి మూశాడు.

తీసుకురావాలనే నిర్ణయించుకున్నాం. మొదటి రోజు ఏం చేయాలి?

చోటు, గడ్డి, నీళ్ల సీసా, రెండు గూళ్లు ముందే సిద్ధంగా ఉంచండి. అక్కడ ఏం తినేవో అడిగి, వారం పాటు అదే పెడుతూ మెల్లగా మార్చండి. రాగానే రెండూ గూట్లో దూరి రోజంతా బయటికి రావు. వేళ్లు పెట్టి లాగకండి, చుట్టాలను పిలవకండి. పక్కన నేల మీద కూర్చుని మీ పని మీరు చేసుకోండి, బఠానీలు ఒలుచుకున్నా సరే. రెండో రోజో మూడో రోజో ముందు ఒక ముక్కు బయటికి వస్తుంది. అప్పుడు కూడా కదలకుండా, ఒక కొత్తిమీర కాడ చేతికందేంత దూరంలో పెట్టండి.